వివక్ష వ్యతిరేక చట్టం కోసం అన్ని వర్గాలూ ఒక్కతాటి మీదకు వస్తాయా?

ప్రశ్న ఇది: దళితులు, ముస్లింలు, వికలాంగులు, ట్రాన్స్‌జెండర్లు ఎవరి గొడవలో వాళ్లున్నారు కదా, అందరికీ కలిపి ఒకే వివక్ష వ్యతిరేక చట్టం కావాలని వీళ్లనూ, బయటి మద్దతుదారులనూ కూడగట్టడం జరిగే పనేనా?

జరిగే పనే. కాకపోతే చట్టం ఎవరెవరిని కాపాడాలో రాసే జాబితాలోంచి ఎవరి పేరూ కొట్టేయకూడదు. "ముందు మనది సాధిద్దాం, వాళ్ల సంగతి తర్వాత చూద్దాం" అని ఎవరైనా అన్నారంటే ఆ ఐక్యవేదిక పని అక్కడితో అయిపోయినట్టే.

నాకు చిన్నప్పుడే పోలియో వచ్చింది. ఎడమ కాలికి కాలిపర్ వేసుకుని నడుస్తాను. వికలాంగుల సంఘంలో చాలా ఏళ్ల నుంచి ఉన్నాను. హైదరాబాద్‌లో అద్దె ఇళ్ల దగ్గర జరిగే వివక్ష మీద ఆ మధ్య కొన్ని సంఘాలు కలిసి సమావేశం పెట్టాయి. ఎమ్మెల్యేలకు ఇవ్వడానికి వినతిపత్రం తయారు చేయాలి. సమావేశం రెండో అంతస్తులో, లిఫ్టు లేదు. సమానత్వం గురించి మాట్లాడటానికి పిలిచి మెట్లెక్కమనడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. వీల్‌చైర్‌లో వచ్చిన మా సంఘం అమ్మాయి కిందే ఆగిపోతే, ఫోన్‌లో స్పీకర్ ఆన్ చేసి ఆమెకు వినిపించాం.

డ్రాఫ్టు ఒక లాయర్ గారు రాసుకొచ్చారు. కులం, మతం, లింగం, వైకల్యం, ట్రాన్స్‌జెండర్ గుర్తింపు, లైంగికత, పెళ్లయిందా లేదా, ఏ ప్రాంతం వాళ్లు, ఏం తింటారు... వీటిలో దేన్ని కారణంగా చూపించినా ఇల్లు నిరాకరించకూడదని అందులో ఉంది. చదవడం పూర్తి చేసి ఆయనే అన్నారు: "ట్రాన్స్‌జెండర్, లైంగికత, ఈ రెండూ ఇప్పటికి పక్కన పెడదాం. ఇవి ఉంటే ఏ ఎమ్మెల్యే సంతకం పెట్టడు. చట్టమంటూ వచ్చాక సవరణలో చేర్పించుకోవచ్చు." చాలామంది తలూపారు. మా సంఘం అధ్యక్షుడు కూడా ఊపాడు.

వెనక వరసలో ఒక ట్రాన్స్ మహిళ కూర్చుని ఉంది. మేమంతా అక్కా అని పిలుస్తాం. అంతకుముందు మా వాళ్ల పెన్షన్లు ఆగిపోయి మేం ఎండలో ధర్నాకు కూర్చుంటే, టెంట్ వేయించింది, మంచినీళ్లు తెచ్చింది, మాతోపాటు గొంతు పోయేలా నినాదాలిచ్చింది ఆమె వాళ్లే. ఆమె లేచి మా అధ్యక్షుడి వైపు చూసి, "అన్నా, మీ ధర్నా రోజు మేము తర్వాత వస్తామన్లేదు కదా" అంది. అంతే అంది, కూర్చుంది.

తర్వాత ఒక నర్సు మాట్లాడింది. దళిత క్రైస్తవురాలు. "నన్ను ఏ ఓనరూ కులం అడగలేదు సార్. సొంతూరు ఏది, ఇంటిపేరు ఏంటి, నాన్‌వెజ్ వండుతారా, ఆదివారం ఎక్కడికెళ్తారు అని అడిగారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. నా ఫిర్యాదు కులం కింద రాయాలా, మతం కిందా, తిండి కిందా? జాబితాలో ఏది లేకపోతే ఓనరు అదే కారణమని చెప్తాడు." లాయర్ గారి దగ్గర దీనికి జవాబు లేదు. ఈ అంశం మీద నేను విన్న వాదనల్లో ఇంత పదునైనది ఇంకొకటి లేదు.

అప్పుడు నేను లేచి, అక్క వాళ్లను తీసేస్తే మా సంఘం సంతకం కూడా తీసేయమన్నాను. అధ్యక్షుడితో ముందు మాట్లాడకుండా అన్నందుకు ఆయనకు కోపం వచ్చింది. రానీ. 1995 వికలాంగుల చట్టంలో వైకల్యాలు ఏడే. కొత్త బిల్లులో జాబితా పెంచుతున్నారని తెలిసినప్పుడు మా సంఘంలోనే గొడవ జరిగింది. తలసేమియా, పార్కిన్సన్స్, యాసిడ్ దాడి బాధితులు, వీళ్లందరూ వస్తే మన వాటా ఏమవుతుందని. 2016 డిసెంబరులో చట్టం వచ్చింది. ఏడు ఇరవై ఒకటి అయ్యాయి, ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ 3 శాతం నుంచి 4 శాతానికి పెరిగింది. అంతకుముందు మాతో కలవని తలసేమియా పిల్లల తల్లిదండ్రులు ఇప్పుడు మా ధర్నాలకు వస్తున్నారు. జాబితా పెరిగితే బలం తగ్గుతుందనేవాళ్లకు ఇదే నా జవాబు.

చివరికి ఆ రెండు పేర్లూ వినతిపత్రంలో ఉన్నాయి. ఒక సంఘం బయటికి వెళ్లిపోయింది, మిగతా వాళ్లం నిలబడ్డాం. చట్టం ఇంకా రాలేదు, ఆ పని నడుస్తూనే ఉంది.

"తర్వాత చేర్పిద్దాం" అన్న మాట ఎంత దూరం పోతుందో తెలియాలంటే అమెరికా వైపు చూడండి. న్యూయార్క్ రాష్ట్రం 2002లో స్వలింగ సంపర్కుల మీద వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. ట్రాన్స్‌జెండర్లను అందులో చేర్చలేదు. వాళ్లకు చట్టంలో రక్షణ చేరింది 2019లో. 2007లో అమెరికా ప్రతినిధుల సభలో కూడా ఉద్యోగ వివక్ష బిల్లులోంచి వాళ్లను తప్పించారు. వందల సంఘాలు అది వద్దన్నాయి. సభలో ఆ బిల్లు నెగ్గింది కానీ చట్టం మాత్రం కాలేదు. వదిలేసినందుకు దక్కిందేమిటి?

మన దగ్గర చట్టాలు లేవని కాదు, ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. రాజ్యాంగంలోని 15వ అధికరణం రెండో క్లాజు దుకాణాలు, హోటళ్లు, బావులు, స్నానఘట్టాల గురించి చెప్తుంది, అద్దె ఇంటి ఊసు లేదు. 2005లో సుప్రీంకోర్టు అహ్మదాబాద్ పార్సీ గృహనిర్మాణ సంఘం కేసులో, సభ్యత్వం పార్సీలకే అన్న నియమం చెల్లుతుందని చెప్పింది. 1989 ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం చాలా అవసరమైనది, దాన్ని ఎవరు నీరుగార్చాలని చూసినా ఊరుకోకూడదు. కానీ అది క్రిమినల్ చట్టం. ఇల్లు దొరకని మనిషికి ముందు కావాల్సింది ఇల్లు, కాకపోతే నష్టపరిహారం. 2017 హెచ్ఐవీ చట్టంలో అద్దె ఇంటి మాట ఉంది, 2019 ట్రాన్స్‌జెండర్ చట్టంలోనూ ఉంది. కానీ ముస్లిం అని చెప్పి ఇల్లివ్వకపోతే అడగడానికి అలాంటి చట్టమే లేదు. ఈ ముక్కల్ని కలిపేలా ఎంపీ శశి థరూర్ 2017లో లోక్‌సభలో ప్రైవేటు బిల్లు, అంటే మంత్రి కాని ఎంపీ సొంతంగా పెట్టే బిల్లు, పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక చట్టాలైన ప్రైవేటు బిల్లులు 14 మాత్రమే, చివరిది 1970లో. అందుకే ఎంపీల చుట్టూ తిరగడం కంటే ముందు ఎమ్మెల్యేల దగ్గరికి వెళ్లమంటాను. 1960 అద్దె నియంత్రణ చట్టాన్ని చేసింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీయే కదా.

ఇక మద్దతుదారుల సంగతి. వాళ్లు వేదికెక్కి మైకు పట్టుకుంటే మాకు ఒరిగేదేమీ లేదు. కొవ్వొత్తులతో ఫోటోలు దిగి మర్నాటి నుంచి కనిపించనివాళ్లను చాలామందిని చూశాను. మమ్మల్ని రానివ్వని గదుల్లోకి వాళ్లు వెళ్లగలరు. వాళ్ల అవసరం అక్కడ. ఆ సమావేశానికి ఒక రిటైర్డ్ టీచర్ గారు వచ్చారు, అపార్ట్‌మెంట్‌లో సొంత ఫ్లాటు ఉంది. "నేనేం చేయాలి?" అని అడిగారు. మీ ఓనర్ల అసోసియేషన్‌లో మాట్లాడండి సార్ అన్నాం. ఆయన జనరల్ బాడీ మీటింగ్‌లో లేచి, ఎవరికి అద్దెకివ్వకూడదో రాసుకున్న తీర్మానాన్ని గట్టిగా చదివి వినిపించి, ఇది రాసినవాళ్లు లేచి సమర్థించుకోండి అన్నారట. ఒక్కరూ లేవలేదు, తీర్మానం రద్దయింది. ఇద్దరు ఇరుగుపొరుగువాళ్లు ఆయనతో మాటలు మానేశారు. ఇలాంటి ఓనర్లు కాలనీకి ముగ్గురు చాలు నాకు, వెయ్యిమంది ర్యాలీ కంటే ముందు వాళ్లనే వెతుకుతాను.