సమాధానం: ఫిట్స్ మందు మార్పిస్తే ట్యూమర్ తగ్గుతుందా?

అన్నా, మీ నాన్నగారికి గ్లయోబ్లాస్టోమా (ఒక రకం మెదడు క్యాన్సర్ ట్యూమర్) ఆపరేషన్ అయ్యాక ఫిట్స్ రాకుండా లెవెటిరాసెటామ్ ఇస్తున్నారు, ఇంకో ఫిట్స్ మందు వాల్‌ప్రోయేట్ అయితే ట్యూమర్ కణాలను కూడా చంపుతుందట, మార్పించాలా అని అడిగారు. తొందరపడొద్దు. వాల్‌ప్రోయేట్ కణాల్లో జన్యువుల పనిని నియంత్రించే హెచ్‌డాక్ అనే ఎంజైమ్‌లను అడ్డుకుంటుంది. ల్యాబ్‌లో పెంచిన కణాలు దాంతో నెమ్మదించడం నిజమే. కానీ 2016లో కొన్ని పెద్ద ట్రయల్స్‌లోని రోగుల వివరాలు కలిపి చూస్తే, ఈ రెండు మందుల్లో ఏది వాడినా ఆయుష్షు పెరిగినట్టు తేలలేదు. పైగా వాల్‌ప్రోయేట్ ప్లేట్‌లెట్లను తగ్గించగలదు, కీమోకి ఇచ్చే టెమోజోలమైడ్ కూడా అంతే. రెండూ కలిస్తే ఇంకో టెన్షన్.

లెవెటిరాసెటామ్‌తో కొందరికి చిరాకు ఎక్కువవుతుంది (మా మామ ఇడ్లీ చల్లారినా కేకలేసేవాడు). అలా ఉంటే తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి న్యూరో ఓపీలో చెప్పండి, వాళ్ళే చూస్తారు. మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు, ఫిట్స్ తిరగబెడతాయి.