కౌన్సిల్ ఇల్లు వస్తుందన్న ఆశతో పొదుపును ఖాళీ చేయవద్దు

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని మిడ్‌లాండ్స్‌లో నెలకు 1,150 పౌండ్ల అద్దెతో రెండు పడక గదుల ఫ్లాటులో ఉంటున్నాము. మాకు పదకొండేళ్ల బాబు, ఆరేళ్ల పాప. మా వారు వేర్‌హౌస్‌లో సూపర్‌వైజర్, నేను స్కూల్ కిచెన్‌లో పార్ట్‌టైమ్ పని చేస్తాను. ఇద్దరికీ కలిపి నెలకు సుమారు 3,150 పౌండ్లు చేతికి వస్తాయి, 2,800 దాకా ఖర్చవుతాయి. నిరుడు ఐఎల్‌ఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చాక, కౌన్సిల్ (స్థానిక సంస్థ) కేటాయించే ఇంటికి దరఖాస్తు చేస్తే రెండో బ్యాండ్ (అవసరాన్ని బట్టి ఇచ్చే ప్రాధాన్య శ్రేణి) ఇచ్చారు. ఎనిమిది నెలలుగా ప్రకటించిన ఇళ్లకు బిడ్లు వేస్తున్నాము, ఒకసారి తొమ్మిదో స్థానం దాకా వచ్చాము. మా పొదుపు 14,500 పౌండ్లు, క్రెడిట్ కార్డు బాకీ 1,100. పొదుపు 16,000 దాటితే జాబితాలోంచి తీసేస్తారని తెలిసినవారు చెబుతున్నారు. అందుకని 10,000 పౌండ్లు ఊళ్లో ఉన్న మా తమ్ముడికి పంపి స్థలం కొనాలనుకుంటున్నాము. ఇల్లు వచ్చాక కార్పెట్లకు, సామానుకు కావాలి కనుక బ్యాంకు ఇస్తానంటున్న 7,000 పౌండ్ల పర్సనల్ లోన్ ఇప్పుడే తీసుకోమంటారా? 600 పౌండ్లు ఇస్తే బ్యాండ్ పైకి మార్పిస్తానని ఒకాయన అంటున్నారు. అది సాధ్యమేనా?

జవాబు: లోన్ తీసుకోవద్దు, తమ్ముడిగారికి డబ్బు పంపవద్దు, ఆ 600 పౌండ్లు ఎవరికీ ఇవ్వవద్దు. ఇంత ఖండితంగా చెప్పడానికి కారణం ఉంది. కౌన్సిల్ ఇల్లు ఇవాళో రేపో వస్తుందన్న నమ్మకంతో చేతిలోని డబ్బును దూరం చేసుకుని, పైగా అప్పు తెచ్చుకునే కుటుంబం మీ ఒక్కరిదే కాదు. జాబితాలో పేరు ఎక్కడాన్ని చాలామంది సగం ఇల్లు చేతికి వచ్చినట్లే లెక్క వేసుకుంటున్నారు. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో తెలియాలంటే కేటాయింపు ఎలా జరుగుతుందో చూడాలి.

ఇంగ్లండ్‌లో ప్రతి గృహ వసతి కౌన్సిల్‌కూ 1996 గృహ చట్టం ప్రకారం రాతపూర్వకమైన కేటాయింపు విధానం ఉండి తీరాలి. ఇల్లు లేనివారికి, ఇరుకు ఇంట్లో లేదా ఆరోగ్యానికి హాని చేసే ఇంట్లో ఉన్నవారికి, వైద్య కారణాలతో ఇల్లు మారవలసినవారికి ఆ విధానంలో తగిన ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతుంది. మిగిలిన వాటిలో, ఎవరిని జాబితాలో చేర్చుకోవాలి, ఎన్నేళ్ల స్థానిక నివాసం అడగాలి, ఎంత ఆదాయం లేదా పొదుపు ఉన్నవారిని పక్కన పెట్టాలి అన్న విషయాల్లో 2011 నాటి లోకలిజం చట్టం కౌన్సిళ్లకు చాలా స్వేచ్ఛ ఇచ్చింది. అందువల్ల పక్క ఊరి కౌన్సిల్‌లో మీ స్నేహితులకు వర్తించిన నియమం మీకు వర్తించకపోవచ్చు. పదేళ్లు దాటిన బాబుకు, చెల్లెలికి వేరు వేరు గదులు అవసరమని చాలా కౌన్సిళ్లు లెక్కిస్తాయి. మీకు ఒక గది తక్కువైంది కనుకనే రెండో బ్యాండ్ వచ్చి ఉంటుంది.

మీరు ఆశ పెట్టుకున్న ఆ తొమ్మిదో స్థానం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. బిడ్ అనగానే వేలంపాటలా వినిపిస్తుంది గానీ అందులో డబ్బు ప్రసక్తి లేదు. ప్రకటించిన ఇంటిపై ఆసక్తి ఉందని తెలియజేయడమే బిడ్. గడువు ముగిశాక ముందు బ్యాండ్‌ను, ఒకే బ్యాండ్‌లో ఉన్నవారి మధ్య సాధారణంగా ఆ బ్యాండ్ లభించిన తేదీని చూసి వరుస కడతారు. ఇది టికెట్ కౌంటర్ ముందు వరుస లాంటిది కాదు. మీ ముందున్న ఎనిమిది కుటుంబాలకు ఇళ్లు వచ్చేస్తే తొమ్మిదో ఇల్లు మీదేనని అనుకోవడానికి వీల్లేదు. వచ్చే నెలలో ఇల్లు కోల్పోయి మొదటి బ్యాండ్‌లో చేరిన కుటుంబం, దరఖాస్తు చేసి పది రోజులే అయినా, మీకంటే ముందు నిలబడుతుంది. అది న్యాయమే, వారి అవసరం అంత తీవ్రమైనది. పైగా మీకు కావలసినవి మూడు పడక గదులు. అలాంటి ఇళ్లు ఖాళీ కావడం చాలా తక్కువ. ఇంగ్లండ్‌లో 13 లక్షలకు పైగా కుటుంబాలు ఈ జాబితాల్లో ఉన్నాయి. లండన్‌లోని పలు బరోలలో (స్థానిక పాలనా ప్రాంతాల్లో) కుటుంబాలకు సరిపడే పెద్ద ఇంటి కోసం పదేళ్లు దాటినా ఎదురుచూస్తున్నవారు ఉన్నారు. మీ కౌన్సిల్‌లో పరిస్థితి ఇంతకన్నా మెరుగ్గా ఉండవచ్చు. గత ఏడాది మీ బ్యాండ్‌లో మూడు గదుల ఇళ్లు ఎన్ని ఇచ్చారో, వాటిని పొందినవారు ఎంతకాలం వేచి ఉన్నారో అడిగి తెలుసుకోండి. చాలా కౌన్సిళ్లు ఈ వివరాలను ప్రకటిస్తాయి. ఆ సమాధానం వచ్చేదాకా మీ ఆర్థిక ప్రణాళికలో ఇల్లు వచ్చే తేదీ అంటూ ఒకటి ఉండకూడదు.

ఇప్పుడు 16,000 పౌండ్ల సంగతి. ఆ అంకె అసలు యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే భృతి) నియమాల్లోది. అక్కడ పొదుపు 6,000 దాటితే చెల్లింపు తగ్గుతూ వచ్చి, 16,000 దాటితే ఆగిపోతుంది. ఇళ్ల కేటాయింపులో కొన్ని కౌన్సిళ్లు అదే అంకెను పెట్టుకున్నాయి, కొన్ని అంతకంటే చాలా ఎక్కువ అనుమతిస్తాయి, మరికొన్నింటికి అలాంటి పరిమితే లేదు. మీ కౌన్సిల్ విధానం చదవకుండా నలుగురూ అన్న మాట మీద పదివేల పౌండ్లను కదిలించడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఒకవేళ పరిమితి నిజంగా 16,000 అయినా మీ పొదుపు దానికి లోపే ఉంది!

దాటుతుందన్న భయం ఉంటే అందుకు సరైన దారి ఒకటుంది. ముందుగా 1,100 పౌండ్ల క్రెడిట్ కార్డు బాకీని పూర్తిగా తీర్చేయండి. అది మీరు ఎలాగూ చేయవలసిన పని, ఎవరూ తప్పు పట్టని ఖర్చు. తమ్ముడిగారికి పంపడం అలాంటిది కాదు. అర్హత కోసమే డబ్బును బంధువులకు మళ్లించినట్లు తేలితే, ఆ డబ్బు ఇంకా మీ దగ్గరే ఉన్నట్లు లెక్కించే కౌన్సిళ్లు ఉన్నాయి. స్థలం మీ పేరున కొంటే పరిస్థితి ఇంకా చిక్కుపడుతుంది. దరఖాస్తులో సాధారణంగా ఇక్కడైనా విదేశాల్లోనైనా ఆస్తి ఉందా అని అడుగుతారు. ఉంది అని రాస్తే అర్హతకే ముప్పు రావచ్చు. లేదు అని రాస్తే అది నేరం. తెలిసి అబద్ధం చెప్పడాన్నీ, అడిగిన సమాచారాన్ని దాచడాన్నీ 1996 చట్టంలోని 171వ సెక్షన్ నేరంగా పరిగణిస్తుంది. తప్పుడు సమాచారంతో వచ్చిన ఇంటిని తర్వాత కోర్టు ద్వారా వెనక్కి తీసుకునే అధికారమూ కౌన్సిల్‌కు ఉంది. పరిమితి దాటకుండా ఉండాలని చేసిన పని మిమ్మల్ని అంతకంటే పెద్ద ఇబ్బందిలోకి నెడుతుంది.

ఇక లోన్. ఇంకా రాని ఇంటికి, ఎంత సైజో తెలియని గదుల కార్పెట్ల కోసం ఇప్పుడే వడ్డీ కట్టడం మొదలుపెట్టాలన్న ఆలోచనను నేను ఏ విధంగానూ సమర్థించలేను. ఏడు వేల పౌండ్లకు సుమారు 13 శాతం వడ్డీతో నాలుగేళ్ల గడువు పెట్టుకుంటే నెలకు దాదాపు 185 పౌండ్లు కట్టాలి, వడ్డీ రూపంలోనే సుమారు 1,880 పౌండ్లు పోతాయి. మీకు నెలకు మిగిలేదే 350 పౌండ్లు, అందులో సగానికి పైగా ఈ వాయిదాకే వెళ్తుంది. పొదుపులో పదివేలు ఊరికి వెళ్లి ఉంటాయి. ఆ స్థితిలో మీ వారికి నడుము పట్టేసి రెండు నెలలు పనికి వెళ్లలేకపోయారనుకోండి. యజమాని తన వంతుగా ఏమీ ఇవ్వకపోతే చట్టబద్ధమైన సిక్ పే (అనారోగ్య వేతనం) ఒక్కటే దిక్కు. అది 2025-26లో వారానికి 118.75 పౌండ్లు, అంటే నెలకు 515 పౌండ్లు. మీ అద్దెలో సగం కూడా కాదు. అప్పుడు ముందుగా తప్పేది అద్దె.

అద్దె బకాయికి, కౌన్సిల్ ఇంటికి నేరుగా సంబంధం ఉంది. బకాయి ఉన్న దరఖాస్తుదారులను పక్కన పెట్టడమో, వారి ప్రాధాన్యం తగ్గించడమో అనేక కౌన్సిళ్ల విధానాల్లో ఉంది. కేటాయింపు సమయంలో పాత ఇంటి యజమాని నుంచి అద్దె చెల్లింపుల వివరాలు తెప్పించుకోవడం మామూలే. ఇంకా దూరం వెళ్లి, కట్టగలిగిన అద్దెను కట్టక ఇల్లు ఖాళీ చేయవలసి వస్తే, ఇల్లు లేని పరిస్థితిని మీరే తెచ్చుకున్నారని కౌన్సిల్ నిర్ణయించే అవకాశం ఉంది. అప్పుడు శాశ్వత వసతి చూపే బాధ్యత దానిపై ఉండదు. ఇల్లు వస్తుందని తీసుకున్న లోనే ఆ ఇంటిని దూరం చేయగలదని చెప్పడం అతిశయోక్తి కాదు. సంతకం ఇప్పటికే చేసి ఉంటే, ఒప్పందం కుదిరిన నాటి నుంచి సాధారణంగా 14 రోజుల్లోగా ఆ రుణం నుంచి వైదొలగే హక్కు మీకుంది. అసలు, గడిచిన రోజుల వడ్డీ తిరిగి కట్టేయండి.

అందుకే నా పట్టుదల అంతా అత్యవసర నిధి మీదే. కార్డు బాకీ తీర్చాక 13,400 పౌండ్లు మిగులుతాయి. అందులో 10,000 పౌండ్లను, అంటే మీ మూడున్నర నెలల ఖర్చును, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయగల క్యాష్ ఐసాలో (వడ్డీపై పన్ను పడని పొదుపు ఖాతాలో) విడిగా ఉంచి, దాన్ని జీతం ఆగినప్పుడు తప్ప ముట్టుకోవద్దు. మీది షిఫ్టు పని, ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు. కనుక అసలు ఆరు నెలల ఖర్చు ఉండాలి. కౌన్సిల్ పరిమితి అనుమతిస్తే ఆ స్థాయికి తీసుకువెళ్లండి, అనుమతించకపోతే పరిమితికి కాస్త కింద ఆపండి. మీ వారికి అనారోగ్యం వస్తే ఆదాయంలో కొంత భాగం ఇచ్చే ఇన్‌కమ్ ప్రొటెక్షన్ పాలసీ ధరలు కూడా అడగండి. నిధి తక్కువగా ఉంచవలసి వస్తే ఆ రక్షణ మరింత అవసరం.

మిగిలిన 3,400 పౌండ్లు ఇల్లు మారే ఖర్చుకు. ఇల్లు ఖరారైన రోజు ఎలా ఉంటుందో ముందే తెలిసి ఉండటం మంచిది. చూసి వచ్చాక అవునో కాదో చెప్పడానికి తరచుగా ఒకటి రెండు రోజులే ఇస్తారు. చాలా ఇళ్లలో నేల మీద కార్పెట్ ఉండదు, స్టవ్ ఉండదు, ఫ్రిజ్ ఉండదు, కొన్నిచోట్ల కర్టెన్ రాడ్లు కూడా తీసేసి ఉంటాయి. కౌన్సిల్ మీ పేరు పంపిన ఇల్లు హౌసింగ్ అసోసియేషన్‌ది (లాభాపేక్ష లేని గృహ సంస్థది) అయితే మొదటి వారమో నెలో అద్దె ముందుగానే అడుగుతారు. వీటన్నింటికన్నా పెద్ద ఖర్చు రెండు అద్దెలు ఒకేసారి పడటం. ఇంగ్లండ్‌లో 2026 మే 1 నుంచి అమలయ్యే నియమాల ప్రకారం ప్రైవేటు ఇల్లు ఖాళీ చేసే అద్దెదారు, యజమాని తక్కువకు ఒప్పుకుంటే తప్ప, రెండు నెలల నోటీసు ఇవ్వాలి. కొత్త ఇంటి అద్దె మాత్రం తాళాలు తీసుకున్న వారం నుంచే మొదలవుతుంది. రెండు నెలల పాత అద్దెకే 2,300 పౌండ్లు అవుతుంది. అయిదు వారాల అద్దెకు మించకూడదన్న పరిమితి ప్రకారం మీరు కట్టిన డిపాజిట్ దాదాపు 1,300 పౌండ్లు తిరిగి వస్తుంది గానీ, అది మీరు ఖాళీ చేశాకే. మొదట పిల్లల గదులకు మాత్రమే కార్పెట్ వేయించి, స్టవ్, ఫ్రిజ్ వాడినవి కొనండి. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు కౌన్సిల్ సంక్షేమ నిధి నుంచి సాయం దొరకవచ్చు, అడగడానికి మొహమాటపడవద్దు.

కౌన్సిల్ ఇంట్లో అద్దె తగ్గుతుందని అనుకుంటూ ఉంటే ఆ అంచనాను కూడా ఒకసారి సరిచూసుకోండి. సోషల్ రెంట్ ఇళ్లలో అద్దె మార్కెట్ కంటే చాలా తక్కువ. అఫర్డబుల్ రెంట్ అని ప్రకటించే ఇళ్లలో మార్కెట్ అద్దెలో 80 శాతం వరకు ఉండవచ్చు. మూడు గదుల ఇంటికి 80 శాతమంటే, ఇప్పుడు రెండు గదులకు మీరు కడుతున్నదానికి దగ్గరగానే తేలవచ్చు. బిడ్ వేసే ముందు ప్రకటనలో ఈ వివరం చూడండి. షేర్డ్ ఓనర్‌షిప్ (ఇంట్లో కొంత వాటా కొని మిగిలినదానికి అద్దె కట్టే పద్ధతి) వంటి దారులు ఉన్నాయి గానీ నిధి నిలబడ్డాకే వాటి మాట.

600 పౌండ్లు అడుగుతున్న వ్యక్తికి దూరంగా ఉండండి. దరఖాస్తుకు రుసుము లేదు, బ్యాండ్‌ను అమ్మే అధికారం ఎవరికీ లేదు, ఆయన మీ తరఫున ఏ అబద్ధం రాసినా శిక్ష మీకే. మీ బ్యాండ్ తప్పని అనిపిస్తే పునఃసమీక్ష కోరండి. దాని గడువు నిర్ణయం తెలిపిన లేఖలోనే ఉంటుంది, సాధారణంగా 21 రోజులు. ఈ జవాబు చదివే ఇతరులకు ఒక మాట: ప్రభుత్వ నిధులకు అర్హత లేదని వీసాపై రాసి ఉన్నవారు ఈ జాబితాకు దరఖాస్తు చేయకూడదు. అలా చేస్తే వీసా షరతును ఉల్లంఘించినట్లు అవుతుంది. మీకు ఐఎల్‌ఆర్ ఉంది కనుక ఆ అడ్డు లేదు.

ఈ వారంలోనే కౌన్సిల్‌కు ఈమెయిల్ రాసి, పొదుపు పరిమితి ఎంత, విదేశీ ఆస్తిని ఎలా లెక్కిస్తారు, మూడు గదుల ఇంటికి మీ బ్యాండ్‌లో సగటు నిరీక్షణ ఎంత అని అడగండి. విధానం సారాంశాన్ని కోరినవారికి ఉచితంగా ఇవ్వాలని చట్టం చెబుతుంది. రాతపూర్వక జవాబు మీ చేతికి వచ్చేదాకా తమ్ముడిగారితో స్థలం బేరం ముందుకు సాగనివ్వవద్దు, బయానా కూడా ఇప్పించవద్దు.