పదో రోజు ఆకలి

చిరంజీవికి,

నీ నవల పూర్తిగా చదివాను. చనిపోయిన భర్తను వెతుక్కుంటూ ఆ పిల్ల వైతరణి దాటే ఘట్టమైతే రెండుసార్లు చదివాను. అంత బాగా రాశావు. కానీ అవతలి ఒడ్డున అతను కనబడ్డాక నా మనసు కథలో నిలవలేదు. రెండు రోజులు ఆలోచిస్తే తెలిసింది. అతనికి ఏమీ అక్కర్లేదమ్మా. ఆమె కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు, అంతే.

గరుడ పురాణంలో పది రోజుల పిండాల గురించి చెప్పిన చోటు ఓసారి తీసి చదువు. మొదటి రోజు పిండంతో తల ఏర్పడుతుంది. రెండో రోజు మెడ, భుజాలు. మూడో రోజు గుండె. అలా తొమ్మిదో రోజుకి పాదాల దాకా వస్తుంది. పదో రోజు ఆకలి, దాహం పుడతాయి. పోయినవాళ్లకి అక్కడ ఒళ్లు వచ్చేది ఇక్కడివాళ్లు పెట్టే ముద్దతోనన్నమాట. నువ్వేమో మూడో అధ్యాయం తర్వాత ఆ ఇంటిని వదిలేశావు. అత్తగారు ఏం చేస్తోంది? అతని చెప్పులు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాయా, ఎవరైనా తీశారా? ఇక్కడ ఒక పూట తప్పితే అక్కడ అతనికి మోకాళ్లు రావు. ఆ టెన్షన్ నీ కథకి కావాలి.

మా నాన్న పదో రోజు రాజమండ్రిలో, కోటిలింగాల ఘాట్ దగ్గర చేశాం. పిండం పెట్టి దూరంగా జరిగాం. గోడ మీద నాలుగు కాకులు. ఒక్కటీ దిగలేదు. ‘ఏదైనా కోరిక మిగిలిందేమో, తీరుస్తామని అనుకోండి’ అన్నారు పురోహితుడు. చెల్లి పెళ్లి చేస్తామని మొక్కాం. పొలం అమ్మబోమని మొక్కాం. దిగలేదు. అప్పుడు మా మేనత్త నా వైపు చూసి ‘కాఫీ’ అంది. నాన్నకి షుగర్. ఆఖరి రెండేళ్లూ పంచదార డబ్బా పై అరలో దాచింది నేనే. టీకొట్టుకి పరిగెత్తి, మూడు చెంచాల పంచదార వేయించి తెచ్చాను. చేతులు వణికి సగం ఒలికింది. మిగిలింది పిండం పక్కన పెట్టాను. కాకి దిగింది. ఎందుకు దిగిందో నేను ఇప్పటికీ ఎవరితోనూ వాదించను.

పోర్టల్ లాంటి మాటలు తీసెయ్. రేవు, పొలిమేర, మైల, మాసికం మనకున్నాయి. బంగారు ద్వారాల వర్ణన ఒక్క పేజీ చాలు.

ఇక ముగింపు. ఆమె అతన్ని వెంటబెట్టుకుని వచ్చేయడం మరీ తేలికైపోయింది. ఆదిపర్వంలో రురుడు పాము కాటుకి పోయిన ప్రమద్వర కోసం తన ఆయుష్షులో సగం ఇచ్చేస్తాడు. ఆమె లేచింది, పెళ్లీ అయింది. అయినా అతను కర్ర పట్టుకుని కనబడ్డ పామునల్లా కొడుతూ తిరిగాడు. మనిషి తిరిగొచ్చినా ఆ దెబ్బ మానలేదు. నాకు ఆ సగం ఆయుష్షు కంటే ఆ కర్రే ఎక్కువ గుర్తు. మరి అతను ఇంటికొచ్చాక నీ కథానాయిక రాత్రిళ్లు నిద్రపోతుందా? ఊపిరి ఆడుతోందో లేదోనని లేచి చూసుకుంటుందా?

ముందు ఏడో అధ్యాయం మళ్లీ రాసి పంపు. అందులో అతను ఏదో ఒకటి అడగాలి. చిన్నదైనా సరే, బతికుండగా ఆమె వద్దన్నది.

ఆశీస్సులతో.