పాత వాచీ డయల్ ఎంత పాతబడినా ఫర్వాలేదా?

1970ల నాటి హెచ్‌ఎంటీ జనతా ఒకటి చూశారట, డయల్ పసుపెక్కిందట, అంచున మచ్చలున్నాయట, కొనొచ్చా అని అడిగారు. పసుపుకి భయపడకండి. మచ్చల సంగతి కిందకొచ్చాక చెప్తాను. డయల్ తళతళలాడే జనతా ఎదురైతే మాత్రం దాన్ని ముట్టుకోకండి. ఈ మాట నేను ఊరికే అనడం లేదు, చెయ్యి కాల్చుకుని అంటున్నాను.

మా నాన్నకి 1978లో పెళ్ళప్పుడు అత్తవారు పెట్టిన వాచీ జనతా. హెచ్‌ఎంటీ వాచీ పెట్టకపోతే అల్లుళ్ళు అలిగే రోజులు మరి. తెల్ల డయల్, దానిమీద హిందీలో ‘జనతా’ అని. నాన్న పక్కూరి బళ్ళో టీచరు, రోజూ కాలవగట్టు మీద సైకిలు ప్రయాణం. ఓ వానాకాలం సాయంత్రం సైకిలుతో సహా కాలవలో పడ్డాడు. మర్నాడు వాచీని అరుగు మీద ఎండబెట్టి, కాకి ఎత్తుకుపోతుందని పక్కనే కూర్చున్నాడట. వాచీ బతికింది గానీ 4 అంకె పక్కన ధనియం గింజంత గోధుమరంగు మచ్చ మిగిలిపోయింది. ఏళ్ళు గడిచేకొద్దీ తెల్ల డయల్ కూడా పాత శుభలేఖ రంగుకి తిరిగింది.

2012లో అది రోజుకి పావుగంట వెనక పడుతుంటే హైదరాబాద్‌లో ఓ రిపేరు షాపులో ఇచ్చాను. “సర్వీసు చెయ్యండి” అన్నాను, అంతే. వారం తర్వాత వెళ్తే ఆకాశనీలం డయల్ ఉన్న వాచీ చేతిలో పెట్టాడు. “డయల్ బాగా పాడైపోయింది సార్, కొత్తది వేసేశా. దానికి డబ్బులేం వద్దు” అన్నాడు. నా తెలివి చూడండి, థాంక్స్ కూడా చెప్పి వచ్చాను!

సంక్రాంతికి ఊరెళ్ళి నాన్నకిచ్చాను. కళ్ళజోడు పెట్టుకున్నాడు, వాచీని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు, 4 దగ్గర అద్దాన్ని బొటనవేలితో రెండుసార్లు తుడిచాడు. “ఇదెవరిదిరా?” అన్నాడు. హైదరాబాద్ తిరిగొచ్చి షాపుకి పరుగెత్తితే పాత డయల్ ఎప్పుడో చెత్తలోకి పోయిందన్నాడు. నాన్న దాన్ని ఇప్పటికీ ‘ఆ నీలం వాచీ’ అంటాడు, ‘నా వాచీ’ అనడు.

అప్పట్నుంచి నాకు ఈ పిచ్చి పట్టుకుంది. 2016లో హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని ప్రభుత్వం నిర్ణయించాక వాటిమీద మోజు ఇంకా పెరిగింది. దాంతోపాటే చిలకపచ్చ, కాషాయం రంగులు పూసిన డయళ్ళూ పెరిగాయి. కనిపెట్టడం కష్టమేం కాదు. భూతద్దం పెట్టి చూస్తే అక్షరాలు లావుగా, అలికినట్టు ఉంటాయి. నిమిషాల గీతలు అంకెలకి ఎదురుగా ఉండవు. ముళ్ళు ముసలివి, డయల్ మాత్రం పదహారేళ్ళది. ఇంకో విడ్డూరం ఏంటంటే, 1960ల నాటి రోలెక్స్ నల్ల డయల్ ఎండకి గోధుమరంగుకి మారితే దానికి ‘ట్రాపికల్’ అని పేరు పెట్టి ఎక్కువ డబ్బిచ్చి మరీ కొంటారు. మన జనతా పసుపెక్కితే “పాతదైపోయింది, మార్పించు” అంటారు. అది రోలెక్స్ గుర్తయిన కిరీటానికి పట్టిన మెరుగు, ఇది మనకి పట్టిన దరిద్రమూనా?

ఇక మీ మచ్చలు. డయల్ అంతా ఒకే తీరుగా రంగు మారిందంటే అది ఎండకీ గాలికీ పైపూత చేసిన పని, లోపలి మిషన్‌కి దాంతో సంబంధం లేదు. మచ్చలు అంచు పట్టుకునో, కీ ఉన్న 3 దగ్గరో మొదలయ్యాయంటే లోపలికి నీళ్ళో చెమటో దిగినట్టే. పూత పొక్కులు లేచి, కింద రేకు చిలుమెక్కి ఆకుపచ్చగా కనిపిస్తే ఆ తడి మిషన్‌నీ వదిలి ఉండదు. కీ ఇచ్చే కడ్డీ, స్ప్రింగూ తుప్పుపట్టాయంటే రిపేరుకయ్యే ఖర్చుతో ఇంకో జనతా వస్తుంది.

“మీ నాన్నగారి వాచీకీ నీటి మచ్చే కదా?” అంటారేమో. మనింటి వాచీ మచ్చ వేరండీ, అది అలాగే ఉండాలి. డబ్బు పెట్టి కొనే వాచీకి ఎవరి కాలవ నీళ్ళో మనకెందుకు?

కొన్నాక డయల్‌ని గుడ్డతో తుడవాలని మాత్రం చూడకండి, మురికితో పాటు అక్షరాలూ వచ్చేస్తాయి. సర్వీసుకిస్తే “డయల్ జోలికి పోవద్దు” అని రసీదు మీద రాయించుకోండి. ముందైతే ఆ అమ్మేవాణ్ణి వెనక మూత తీసి చూపించమనండి. తీయనంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.