సమాధానం: 1.6 చూపించినా మీ ప్రాసెసర్ బాగానే ఉంది

మీ కోర్ 2 డ్యుయో ఈ6600 ప్రాసెసర్ మీద వేగం 2.4 గిగాహెర్ట్జ్ అని ఉంది, అందులోని రెండు కోర్లకు (లెక్కలు చేసే భాగాలకు) కలిపి 4.8 రావాలి, సిస్టమ్‌లో 1.6 అనే కనిపిస్తోందేమిటని అడిగారు. షాపువాడు మోసం చేశాడేమోనన్న టెన్షన్ వద్దండీ.

ముందు ఆ కూడికే తప్పు. గంటకు 40 కిలోమీటర్లు పోయే ఆటోలు రెండు పక్కపక్కన వెళ్తే వేగం 80 అయిపోదు కదా! ఎక్కే జనం రెట్టింపవుతారు, అంతే. ఒక్క కోర్‌నే వాడుకునే పాత ప్రోగ్రామైతే రెండో ఆటో ఖాళీగానే తిరుగుతుంది. అప్పుడు విండోస్ టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం 50 శాతం దగ్గరే ఆగిపోతుంది.

ఇక 1.6 సంగతి. ఈ చిప్ మూల క్లాక్, అంటే మదర్‌బోర్డు ఇచ్చే టిక్కుల వేగం, 266 మెగాహెర్ట్జ్. దాన్ని 9తో గుణిస్తే దాదాపు 2400, అంటే 2.4 గిగాహెర్ట్జ్ వస్తుంది. పని లేనప్పుడు కరెంటు, వేడి తగ్గడానికి ఆ 9ని తనే 6కి దించుకుంటుంది, అదే మీకు కనిపించే 1.6. ప్రాసెసర్ వేగం చూపించే సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ తెరిచి ఉంచి, ఓ పెద్ద ఫోల్డర్‌ను జిప్ చేయండి. అంకె మీ కళ్లముందే 2.4కి ఎగబాకుతుంది.

పాత 3 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4తో అంకెలు పోల్చకండి. 2006 నాటి ఈ చిప్ ఒక్కో క్లాక్ టిక్కులో దానికన్నా చాలా ఎక్కువ పని లాగుతుంది.

జిప్ చేస్తున్నా 1.6 దగ్గరే ఉంటే పవర్ ఆప్షన్స్‌లో 'పవర్ సేవర్' పెట్టి ఉందేమో చూసి మార్చండి.