మినుము వేర్లకు బుడిపెలు రాలేదు, యూరియా చల్లవచ్చా?

ప్రశ్న: అమలాపురం దగ్గర మూడెకరాల్లో సార్వా వరి కోతకు రెండు రోజుల ముందు మినుము చల్లాను. పైరు వయసు 28 రోజులు. విత్తనశుద్ధి మందు, వేర్లకు బుడిపెలు కట్టించే రైజోబియం బాక్టీరియా పొడి ఒకేసారి కలిపి పట్టించాను. మొక్కను పీకి చూస్తే వేర్లకు రెండు మూడు బుడిపెలే కనిపించాయి. కింది ఆకులు పాలిపోతున్నాయి. ఎకరాకు అరబస్తా యూరియా చల్లమని పక్క చేను రైతు అంటున్నారు. చల్లమంటారా?

సమాధానం: చల్లవద్దు. ముందు బుడిపెలు నిజంగా లేవో, మట్టిలో ఉండిపోయాయో తేల్చుకోవాలి. వరి కోశాక మన డెల్టా బంకనేల ఆరుతూ బిగుసుకుంటుంది. మొక్కను లాగితే బుడిపెలు ఊడి మట్టిలోనే ఉండిపోతాయి. పారతో జానెడు మట్టిగడ్డతో సహా లేపి, బకెట్ నీళ్లలో గంటసేపు నానబెట్టి, మట్టి దానంతట అదే విడిపోయేలా కడగండి. చేను మధ్యలో, గట్టు పక్కన, నీరు నిలిచిన పల్లంలో విడివిడిగా చూడండి.

దొరికిన బుడిపెను గోటితో చీల్చండి. లోపల ఎర్రగా, గులాబీ రంగులో ఉంటే అది గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తున్నట్లే. ఆ ఎరుపు మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టమైన లెగ్‌హిమోగ్లోబిన్ వల్ల వస్తుంది. తెల్లగా ఉంటే ఇంకా పని మొదలుపెట్టలేదు, లేదా ఆ బాక్టీరియా చేతకానిది. బుడిపె పక్కకు ఊడి రాకుండా వేరు తానే ఉబ్బి ఉంటే అది నులిపురుగు పని.

యూరియా ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. నత్రజని కోసం ఆకలిగా ఉన్న పప్పుజాతి మొక్క వేరు నుంచి ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలు మట్టిలోకి ఊరుతాయి. అది బాక్టీరియాకు పిలుపు. పిలుపు అందుకున్న రైజోబియం బదులుగా ‘నాడ్ ఫ్యాక్టర్’ అనే సంకేతాన్ని తయారు చేస్తుంది. నాలుగైదు చక్కెర అణువుల గొలుసు, దానికొక కొవ్వు తోక, అంతే. ఆ గొలుసు మీ పక్క చెరువుల్లో పెరిగే రొయ్య పెంకులోని కైటిన్ జాతిదే. అది లవలేశమంత తగిలినా వేరు మీది సన్నని నూగు గొడుగు పిడిలా వంగి బాక్టీరియాను తన మడతలో పట్టుకుంటుంది. సూక్ష్మదర్శినిలో ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరని దృశ్యం అది. అక్కడి నుంచి సన్నని గొట్టం లాంటి దారిలో బాక్టీరియా లోపలికి నడుస్తుంది, ఆ చోటే బుడిపె కడుతుంది. చక్కెర గొలుసు అమరికను బట్టి ఏ బాక్టీరియా ఏ పైరుకు సరిపోతుందో తేలుతుంది. అందుకే శనగ కోసం తయారుచేసిన రైజోబియం పొడి (కల్చర్) మినుముకు పనికిరాదు.

మట్టిలో నత్రజని దండిగా ఉంటే మొక్క ఈ పిలుపునే తగ్గిస్తుంది, ఉన్న బుడిపెలకూ తిండి తగ్గిస్తుంది. యూరియా చల్లితే జరిగేది అదే.

మీ చేనులో పిలుపు అందుకునే బాక్టీరియానే తక్కువై ఉంటుందని నా అనుమానం. రైజోబియానికి గాలి కావాలి. నెలల తరబడి నీరు నిలిచిన వరి మడిలో దాని సంఖ్య తగ్గుతుంది. మీరు విత్తనంతో ఇచ్చినదాన్ని శుద్ధి మందు చాలావరకు చంపి ఉంటుంది. ఇప్పుడు కల్చర్ చల్లినా పెద్దగా లాభం ఉండదు.

ఇప్పుడు పైరును చూడండి. కింది ఆకులు ఒకే తీరుగా పాలిపోతుంటే నత్రజని లోపమే. పై లేత ఆకుల్లో పసుపు మచ్చలు కలగలిసి ఉంటే అది తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు, యూరియాతో తగ్గదు. లోపమే అయితే లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి సాయంత్రం ఆకులపై పిచికారీ చేయండి. ఎకరాకు 200 లీటర్లు వాడితే 4 కిలోలే పడుతుంది, వేరు దగ్గర మట్టి దాదాపు ఎప్పటిలాగే ఉంటుంది.

వచ్చే ఏడాది శుద్ధి మందు ముందు పట్టించి ఆరబెట్టండి. కనీసం ఒక రోజు ఆగి, చల్లారిన బెల్లం నీళ్లతో 10 కిలోల విత్తనానికి 200 గ్రాముల కల్చర్ పట్టించి, నీడలో ఆరబెట్టి ఆ పూటే చల్లండి. మాగాణి మినుముకు ఎకరాకు 16 నుంచి 18 కిలోల విత్తనం పడుతుంది కాబట్టి రెండు ప్యాకెట్లు కావాలి. కొనేటప్పుడు గడువు తేదీ చూడండి, ప్యాకెట్‌ను ఎండలో ఉంచవద్దు.

పూత మొదలయ్యాక అవే చోట్ల మరో రెండేసి మొక్కలు తవ్వి చూడండి. అప్పటికీ బుడిపెల లోపల తెల్లగానే ఉంటే, మట్టిగడ్డతో సహా తడి గోనెసంచిలో చుట్టి దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లండి.