లీటర్ల లెక్కతో వడదెబ్బ ఆగదు

"వేసవిలో రోజుకు ఎన్ని లీటర్ల నీళ్ళు తాగితే వడదెబ్బ తగలదు?" అని అడిగారు. ఆ లెక్క నేను చెప్పను. బిల్డింగ్ పనుల్లో సూపర్‌వైజర్‌ని. పొద్దుట్నుంచీ నీళ్ళు తాగుతూనే ఉండి పడిపోయినవాణ్ణి కళ్ళారా చూశాను.

మే నెల, విజయవాడ పక్కన స్లాబు వేస్తున్నాం. మొదలుపెట్టిన స్లాబు మధ్యలో ఆపడానికి ఉండదు. వైబ్రేటర్ పట్టుకున్న కుర్రాడు టిఫిన్ కూడా తినకుండా చల్లటి క్యాన్ నీళ్ళ మీదే ఉన్నాడు. పదకొండు దాటాక పిక్కలు పట్టేశాయని కూర్చున్నాడు. నీడలో ఉండరా అంటే "ఏం కాదు సార్" అని మళ్ళీ ఎక్కాడు. మధ్యాహ్నం మేస్త్రి పిలిస్తే పలకలేదు. దగ్గరికి వెళ్తే నన్ను పట్టుకుని "బాబాయ్, బస్సెళ్ళిపోయిందా?" అంటాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. చొక్కా మాత్రం చెమటతో తడిసే ఉంది. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అని చాలామంది అనుకుంటారు. ఎండలో కష్టం చేసేవాళ్ళకు చెమట కారుతుండగానే తగులుతుంది. మాట తేడా వచ్చిందంటే వడదెబ్బే, ఇక ఆలోచించక్కర్లేదు.

ఎవరో నోట్లో నీళ్ళు పోయబోయారు. స్పృహ సరిగా లేనివాడికి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మేస్త్రి భార్య మా అందరికంటే నయం. "ముందు ఒంటి మీద పొయ్యండయ్యా" అని అరిచి, క్యూరింగ్ పైపు లాక్కొచ్చి తల నుంచి కాళ్ళ దాకా తడిపేసింది. మేం అట్టముక్కలతో విసిరాం. 108 వచ్చేసరికి నన్ను మళ్ళీ సార్ అన్నాడు.

ఈలోపు వచ్చిన ఆర్ఎంపీ పారాసెటమాల్ ఇంజెక్షన్ చేస్తానన్నాడు. జ్వరంలో ఒంటి వేడిని మెదడే పెంచుతుంది, ఆ మందు దాన్ని దించుతుంది. వడదెబ్బలో వేడి బయటికి పోయే దారి లేక పేరుకుపోతుంది. ఆ మందు అక్కడేం చేస్తుంది? లోపలి వేడి 40 డిగ్రీలు దాటితే తడపడం, విసరడం, ఆసుపత్రికి పరిగెత్తడమే.

మన కోస్తాలో ఉక్క ఇంకో శని. చెమట కారితే చల్లబడం, ఆరితేనే చల్లబడతాం. ఉక్కలో అది ఆరదు. టీవీ వాళ్ళు రెంటచింతల, రామగుండం డిగ్రీలు చూపిస్తుంటే మచిలీపట్నం వాళ్ళు తమకేం కాదనుకుంటారు.

పైగా చెమటతో ఉప్పూ పోతుంది. ఉత్త నీళ్ళే పట్టిస్తే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, ముదిరితే ఫిట్స్. ఉప్పేసిన మజ్జిగ తాగండి. లేదా లీటరు నీళ్ళలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు కలుపుకోండి. తియ్యటి ప్యాకెట్ డ్రింకుల మీద ఓఆర్ఎస్ అని రాసి ఎన్నేళ్ళు అమ్మారో! హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబర్‌లో గానీ కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు తీసేయమనలేదు.

అసలు మందు ఎండలో పని ఆపడం. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదు. దుబాయ్ వెళ్ళొచ్చిన నిజామాబాద్ కుర్రాళ్ళు ఇది చెబితే మా వాళ్ళు నవ్వారు. 2015లో ఏపీ, తెలంగాణల్లో వెయ్యిమందికి పైగా ఎండకు పోయారు. అయినా మాకు వచ్చేవి జాగ్రత్తల పోస్టర్లే. లైట్లు పెట్టి రాత్రిపూట స్లాబు వేయొచ్చు. ఆ ఖర్చు ఎవరిదంటే ఓనరు కాంట్రాక్టర్ వైపు చూస్తాడు, కాంట్రాక్టర్ నా వైపు చూస్తాడు.